ధ్రువపత్రం అడిగిన చోట కవిత్వం: ఫిలిస్ వీట్లీ నుంచి గ్వెండొలిన్ బ్రూక్స్ దాకా

(ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. ఆనాడు రాలేకపోయిన మిత్రుల కోసం.)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సాహిత్య మిత్రులందరికీ నమస్కారం.

అమెరికా నల్లజాతి కవుల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. రెండు వందల యాభై ఏళ్ల కవిత్వం అది. పేర్లు, పుస్తకాలు, బహుమతులు వరుసగా చదివి కూర్చోవచ్చు. అలా చేస్తే మీ చేతిలో ఒక జాబితా మిగులుతుంది తప్ప కవిత్వం మిగలదు. అందుకని కొద్దిమంది కవులను మాత్రమే తీసుకొని, ఒకే ఒక్క ప్రశ్న వెంట నడవాలనుకుంటున్నాను. ఆ ప్రశ్న ఇది: ఈ కవులు రాస్తున్నప్పుడు వారి ఎదుట తీర్పరిగా కూర్చున్నది ఎవరు? ఆ కవిత బాగుందో లేదో, అది అసలు కవిత్వమో కాదో, ఇంకా వెనక్కి వెళితే దాన్ని ఆ మనిషే రాసిందో లేదో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఆ అధికారాన్ని తరం వెంట తరం, కొంచెం కొంచెంగా తమ చేతుల్లోకి తెచ్చుకోవడమే ఈ కవులు సాహిత్యానికి చేసిన అతి పెద్ద మేలు అని నేను నమ్ముతున్నాను.

మన తెలుగు పాఠకులకు నల్లజాతి జీవితం ఎక్కువగా వచనం ద్వారానే చేరింది. సహవాసి గారి అనువాదంలో ‘ఏడు తరాలు’ చదివి కంటతడి పెట్టినవారు ఈ సభలోనే ఎందరో ఉంటారు. ఆ నవలలో పశ్చిమాఫ్రికా నుంచి ఓడలో తెచ్చి అమ్మిన ఒక యువకుడి కథ మీకు గుర్తుంది కదా. అలాంటి ఓడలోనే వచ్చిన ఒక పాపతో మొదలుపెడతాను.

1761లో బోస్టన్ రేవుకు ‘ఫిలిస్’ అనే ఓడ వచ్చింది. అందులో దిగిన బానిసల్లో ముందు పళ్లు ఊడిన ఒక ఆడపిల్ల ఉంది. ఆ పళ్లను చూసే ఆమెకు ఏడెనిమిదేళ్లు ఉంటాయని అంచనా వేశారు, ఎందుకంటే వయసు చెప్పడానికి తల్లి లేదు, తండ్రి లేడు. జాన్ వీట్లీ అనే వ్యాపారి ఆమెను కొన్నాడు. తెచ్చిన ఓడ పేరు, కొన్న యజమాని ఇంటిపేరు, రెండూ కలిపి ఆమె పేరయింది: ఫిలిస్ వీట్లీ. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏమిటో ఎక్కడా దొరకదు. పదహారు నెలల్లో ఆ పిల్ల ఇంగ్లీషు నేర్చి బైబిలును చదవగలిగిందని ఆ యజమానే రాశాడు. తర్వాత లాటిన్ నేర్చింది, ఇంగ్లీషు కవులైన పోప్‌ను, మిల్టన్‌ను చదివింది. 1770లో జార్జ్ వైట్‌ఫీల్డ్ అనే ప్రసిద్ధ మత బోధకుడు మరణించినప్పుడు ఆమె రాసిన స్మృతి గీతం అట్లాంటిక్‌కు రెండు వైపులా పేరు తెచ్చింది.

పేరు వచ్చింది. మరి పుస్తకం? 1772లో బోస్టన్‌లో చందాదారుల కోసం ప్రకటన ఇస్తే తగినంత మంది ముందుకు రాలేదు. ఒక నల్ల బానిస పిల్ల ఇంత చక్కటి ఛందస్సులో రాయగలదంటే ఎవరు నమ్ముతారు? చివరికి 1773లో లండన్‌లో పుస్తకం వెలువడింది. ఆ పుస్తకాన్ని ఒకసారి మనసులో తెరిచి చూడండి. మొదట ఆమె బొమ్మ ఉంటుంది. బల్ల ముందు కూర్చొని, చేతిలో ఈక కలం పట్టుకొని, ఆలోచిస్తూ ఉంటుంది. ఆ బొమ్మ చుట్టూ చట్రంలో అక్షరాలుంటాయి: ఈమె బోస్టన్ నివాసి జాన్ వీట్లీ గారి నీగ్రో సేవకురాలు అని. కవయిత్రి ముఖం చుట్టూ యజమాని పేరు కంచెలా నిలబడి ఉంది. తర్వాత పేజీల్లో ఒక ధ్రువపత్రం ఉంటుంది. మసాచుసెట్స్ గవర్నర్ థామస్ హచిన్సన్, జాన్ హాంకాక్ మొదలుకొని మత గురువుల దాకా 18 మంది పెద్దమనుషులు దానిమీద సంతకాలు చేశారు. కొన్నేళ్ల క్రితం ఆఫ్రికా నుంచి అనాగరిక స్థితిలో తెచ్చిన ఈ బాలికే ఈ పద్యాలు రాసిందని తాము నమ్ముతున్నామని, యోగ్యులైన వారు ఆమెను పరీక్షించారని అందులో రాశారు.

ఒక్క క్షణం ఆలోచించండి. ప్రపంచ సాహిత్యంలో ఎంతమంది కవుల తొలి పుస్తకానికి ఇలాంటి పత్రం జతచేయవలసి వచ్చింది? పీఠికలు ఉంటాయి, ఆశీస్సులు ఉంటాయి, అంకితాలు ఉంటాయి. ఈ కవితను ఈ మనిషే రాసింది అని 18 మంది సాక్ష్యం చెప్పడం ఎక్కడుంది?

వీట్లీ కవిత్వం గురించి ఒక ఫిర్యాదు చాలాకాలం నడిచింది. ఆమె తనను ఆఫ్రికా నుంచి తీసుకురావడం దైవకృప అని రాసింది కదా, బానిసత్వాన్ని ఎదిరించలేదు కదా అని నల్లజాతి విమర్శకులే కొందరు ఆమెను తప్పుపట్టారు. ఆ ఎనిమిది పాదాల కవితను వారు తొందరగా చదివారని నా అభిప్రాయం. ఆ కవిత చివర ఆమె క్రైస్తవులను నేరుగా పిలిచి, నల్లవారు కూడా శుద్ధులై దేవదూతల వరుసలో చేరగలరని గుర్తుంచుకోండి అంటుంది. ఒక బానిస బాలిక యజమానుల మతాన్నే పట్టుకొని, ‘గుర్తుంచుకోండి’ అని యజమానులకు ఆజ్ఞ ఇస్తోంది! డార్ట్‌మత్ ప్రభువుకు (అమెరికా వలసల వ్యవహారాలు చూసిన బ్రిటిష్ మంత్రి) రాసిన కవితలో ఇంకా స్పష్టంగా, తనను తండ్రి ఒడి నుంచి లాక్కున్నప్పుడు ఆయన గుండె ఎంత తల్లడిల్లిందో అని తలచుకొని, అందుకే స్వేచ్ఛ అంటే నాకింత ప్రేమ అని చెప్పింది. 1774లో సామ్సన్ ఆకమ్ అనే, అమెరికా ఆదివాసులైన మోహిగన్ జాతి మత బోధకుడికి రాసిన లేఖలో ప్రతి మనిషి గుండెలోనూ దేవుడు స్వేచ్ఛా కాంక్షను నాటాడని, అది అణచివేతను సహించదని రాసింది. ఆ లేఖ పత్రికల్లో అచ్చయింది. ఇది లొంగిపోయిన మనిషి గొంతేనా, మీరే చెప్పండి.

ఇంత చేసినా తీర్పరులు ఊరుకోలేదు. థామస్ జెఫర్సన్, మనుషులందరూ సమానులుగా సృష్టింపబడ్డారని రాసిన ఆ జెఫర్సనే, ఫిలిస్ వీట్లీ రచనలు విమర్శకు కూడా తగనివని తన పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి వీట్లీ లేదు. తన కవితల పుస్తకం వచ్చాక ఆమెకు స్వేచ్ఛ లభించింది గాని బతుకు తెరువు లభించలేదు. రెండో పుస్తకానికి చందాదారులు దొరకలేదు, ఆ రాతప్రతి పోయింది, 1784 డిసెంబరులో ముప్పై ఏళ్ల వయసుకే దారిద్ర్యంలో మరణించింది.

రెండో కవి పేరు మీలో చాలామంది విని ఉండరు: జార్జ్ మోజెస్ హార్టన్. నార్త్ కరోలినాలో పొలం పని చేసే బానిస. పాత అక్షరమాల పుస్తకంతో తనంతట తాను చదవడం నేర్చుకున్నాడు. రాయడం ఇంకా రాదు. ఆదివారాలు చాపెల్ హిల్ విశ్వవిద్యాలయానికి నడిచి వెళ్లి పండ్లు అమ్మేవాడు. అక్కడి విద్యార్థులు ఈయన ఆశువుగా పద్యం చెప్పగలడని కనిపెట్టారు. తమ ప్రేయసులకు పంపడానికి ప్రేమ కవితలు కావాలని అడిగేవారు. ఆ అమ్మాయి పేరులోని అక్షరాలు ఒక్కో పాదం మొదట వచ్చేలా ఈయన కవిత అల్లి చెబుతుంటే వారు రాసుకునేవారు, చిల్లర డబ్బులు ఇచ్చేవారు. ఎవరి ప్రేమకో తన మాటలు, ఎవరి సంతకమో కింద. ఆ డబ్బుతో తనను తాను కొనుక్కోవాలన్నది హార్టన్ ఆశ. 1829లో రాలీ నగరంలో ‘స్వేచ్ఛాశ’ అన్న అర్థం వచ్చే పేరుతో ఆయన పుస్తకం వచ్చింది; ఆ అమ్మకాల సొమ్ముతో ఆయనను విడిపించాలని అనుకున్నారు. సొమ్ము చాలలేదు. మరుసటి ఏడాదే బానిసలకు చదువు నేర్పడం నేరమని ఆ రాష్ట్రం చట్టం చేసింది. మరో పుస్తకం అచ్చయినా, హార్టన్ 1865లో అంతర్యుద్ధం ముగిసే దాకా బానిసగానే ఉన్నాడు. దాదాపు డెబ్బై ఏళ్లకు దగ్గరపడుతున్నాడు అప్పటికి.

బానిసత్వం పోయింది. తీర్పరి పోయాడా? పోలేదు, ప్రశ్న మార్చుకున్నాడు. ‘నువ్వే రాశావా?’ అన్న ప్రశ్న పోయి, ‘నువ్వు ఇలాగే రాయాలి కదా?’ అన్న ప్రశ్న వచ్చింది. ఈ రెండో ప్రశ్నకు బలైపోయిన గొప్ప కవి పాల్ లారెన్స్ డన్‌బార్.

డన్‌బార్ 1872లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో పుట్టాడు. తల్లి, తండ్రి ఇద్దరూ కెంటకీలో బానిసలుగా ఉండి విముక్తులైనవారు. విమానం కనిపెట్టిన ఆర్విల్ రైట్ ఈయన సహాధ్యాయి. డన్‌బార్ నడిపిన చిన్న పత్రికను రైట్ తన ముద్రణ యంత్రం మీదనే అచ్చువేశాడు. తరగతిలో ఏకైక నల్ల విద్యార్థి అయినా తరగతికి కవి ఈయనే. చదువు ముగిశాక దొరికిన ఉద్యోగం మాత్రం ఒక భవనంలో లిఫ్టు నడపడం. తొలి పుస్తకాన్ని అచ్చువేసుకొని, లిఫ్టు ఎక్కినవారికి ఒక్కో డాలరుకు అమ్మాడు.

1896లో అమెరికాలో అందరికంటే పలుకుబడి గల విమర్శకుడు విలియం డీన్ హవెల్స్ ‘హార్పర్స్ వీక్లీ’లో డన్‌బార్ రెండో పుస్తకాన్ని ఆకాశానికి ఎత్తాడు. ఆ పత్రిక సంచిక వచ్చిన రోజు డన్‌బార్ పుట్టినరోజు కూడా. ఇరవై నాలుగేళ్లకు దేశమంతా పేరు తెలిసిపోయింది. ఇక్కడ మనం ఆగి చూడాలి. హవెల్స్ మెచ్చుకున్నది ఏమిటి? నల్లవారి మాండలికంలో రాసిన కవితలను. పొలాల పాటలు, పండుగ విందులు, ముసలివారి ముచ్చట్లు. ప్రామాణిక ఇంగ్లీషులో రాసిన గంభీరమైన కవితలు, అవి ఇతరులూ రాయగలవి, ఈయన ప్రత్యేకత మాండలికమే అని తేల్చాడు. హవెల్స్ దుర్మార్గుడు కాడు, నిజంగా మేలు చేయాలనే రాశాడు. ఆ మెచ్చుకోలే సంకెల అయింది. ప్రచురణకర్తలు మాండలికం అడిగారు, శ్రోతలు మాండలికం అడిగారు. హవెల్స్ వాక్యం తనకు తీరని హాని చేసిందని డన్‌బార్ ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో వాపోయాడు. ‘కవి’ అనే చిన్న కవితలో తాను ప్రేమను, జీవితాన్ని పాడితే ఎవరూ వినలేదని, లోకం తిరిగి మెచ్చుకున్నది విరిగిన భాషలోని ఒక గిలకల చప్పుడునని చెప్పుకున్నాడు.

అయితే ఆ మాండలిక కవితలను నేను తక్కువ చేయను. అవి బడుల్లో, చర్చిలలో, ఇళ్లలో నల్లవారు కంఠస్థం చేసి తరతరాలు చెప్పుకున్న కవితలు. తెల్లవారికి వినోదమైనవే తమవారికి జ్ఞాపకం కూడా. ఇక ‘మేము ముసుగు ధరిస్తాం’ అనే కవితను చూడండి. నవ్వే ముసుగు, అబద్ధమాడే ముసుగు, చెంపలను దాచి కళ్లను కమ్మే ముసుగు. కన్నీళ్లన్నీ లోకం ఎందుకు లెక్కపెట్టాలి, మేము ముసుగులో ఉన్నప్పుడే చూడనివ్వండి అంటాడు. నల్లవారు అన్న మాట ఆ కవితలో ఎక్కడా లేదు. మనిషి ఎవరైనా తన యజమాని ఎదుట, తన పై అధికారి ఎదుట పెట్టుకునే ముఖం అది. ‘సానుభూతి’ అనే కవితలో పంజరంలోని పక్షి ఎందుకు పాడుతుందో నాకు తెలుసు అన్నాడు. అది ఆనంద గీతం కాదు, గుండె లోతు నుంచి దేవుడికి పంపే ప్రార్థన అన్నాడు. ఆ పాదాన్నే డెబ్బై ఏళ్ల తర్వాత, 1969లో నల్లజాతి రచయిత్రి మాయా ఏంజెలో తన ఆత్మకథకు పేరుగా పెట్టుకుంది. డన్‌బార్ క్షయతో 1906లో ముప్పై మూడేళ్లకే పోయాడు.

క్లాడ్ మెకే గురించి నాలుగు మాటలు. జమైకాలో పుట్టి అమెరికా వచ్చి, రైలులో భోజనాల పెట్టెలో వడ్డించే పని చేస్తున్నాడు. 1919 వేసవి, యుద్ధం నుంచి తిరిగివచ్చిన నల్ల సైనికుల మీద, నల్లవారి వాడల మీద షికాగోతో సహా అనేక నగరాల్లో దాడులు జరిగాయి. ఊరూరా రైలు ఆగిన చోట ఏమి ఎదురవుతుందో తెలియని భయంలో, మెకే పద్నాలుగు పాదాల సానెట్ రాశాడు: చావవలసే వస్తే పందుల్లా తరిమించుకొని చావవద్దు, గోడకు ఆనుకొని అయినా ఎదురు తిరుగుతూ చద్దాం అని. ఆ కవితను తోటి పనివారికి చదివి వినిపించానని ఆత్మకథలో రాసుకున్నాడు. గమనించండి: ప్రక్రియ షేక్‌స్పియర్‌ది, ఇంగ్లీషు సాహిత్యంలో అతి మర్యాద గల ప్రక్రియ. తొలి శ్రోతలు రైల్లో వడ్డించేవారు. పత్రికలో అచ్చవక ముందే ఆ కవిత తన వారి తీర్పుకు నిలబడింది.

ఇప్పుడు లాంగ్‌స్టన్ హ్యూస్ దగ్గరకు వద్దాం. నాకు అతి ఇష్టమైన కవి, కాబట్టి కొంచెం ఎక్కువసేపు తీసుకుంటే మన్నించండి.

1920లో, ఇరవై ఏళ్లు నిండని యువకుడు, తండ్రి దగ్గరకు మెక్సికోకు రైల్లో వెళుతున్నాడు. ఆ తండ్రికి తన జాతి మీదనే ద్వేషం. సూర్యాస్తమయ వేళ రైలు మిసిసిపీ నదిని దాటుతోంది. ఆ నది మీదుగా కింది దేశానికి అమ్ముడుపోవడం అంటే బానిసలకు ఎంత భయమో ఆయనకు గుర్తొచ్చింది. ఒక ఉత్తరం కవరు వెనుక కవిత రాసుకున్నాడు. ‘నీగ్రో నదుల గురించి మాట్లాడుతున్నాడు’ అన్న ఆ కవిత 1921లో ‘ది క్రైసిస్’ పత్రికలో వచ్చింది. యూఫ్రటీస్‌లో స్నానం చేశాను, కాంగో ఒడ్డున గుడిసె కట్టుకున్నాను, నైలు పక్కన పిరమిడ్లు లేపాను, మిసిసిపీ పాడడం విన్నాను. నా ఆత్మ నదుల్లా లోతైనది అంటాడు. కవితలోని ‘నేను’ ఎవరు? ఒక కుర్రవాడా? వేల ఏళ్ల జాతి. తండ్రి ద్వేషించిన దాన్ని కొడుకు నాగరికతల పుట్టుక దాకా తీసుకువెళ్లాడు. ఇందులో ఎవరినీ బతిమాలడం లేదు, ఎవరికీ రుజువులు చూపడం లేదు. వీట్లీ పుస్తకానికి జతచేసిన పత్రం ఇక్కడ అవసరమే లేకుండా పోయింది.

1926లో హ్యూస్ తొలి కవితా సంపుటి ‘ది వియరీ బ్లూస్’ వచ్చింది. న్యూయార్క్‌లో నల్లవారి వాడ అయిన హార్లెంలోని లెనాక్స్ వీధిలో ఒక పాత గ్యాసు దీపం కింద, ఒక నల్ల గాయకుడు పియానో మీటుతూ ఊగుతూ పాడుతున్న పాట ఆ కవితలో ఉంది. బ్లూస్ పాట మీలో కొందరు విని ఉంటారు. మొదటి పాదం పాడతారు, దాన్నే కాస్త మార్చి మళ్లీ పాడతారు, మూడో పాదం దానికి జవాబులా వస్తుంది. పొలాల్లో, రైలు పట్టాల దగ్గర, సారా అంగళ్లలో పుట్టిన పాట. దాన్ని ఎవరూ సాహిత్యం అనుకోలేదు. హ్యూస్ దాని నడకను, దాని పునరుక్తిని, నవ్వుతూ ఏడ్చే దాని తీరును పుస్తకంలోని కవిత్వంగా నిలబెట్టాడు. అమెరికన్ కవిత్వానికి ఇది కొత్త ఛందస్సు. ఐరోపా నుంచి తెచ్చుకోని ఛందస్సు. డన్‌బార్‌ను బంధించిన వాడుక భాష హ్యూస్ చేతిలో విడుదలైంది, ఎందుకంటే దాన్ని ఆయన ఎవరి వినోదం కోసమూ రాయలేదు.

అదే ఏడాది జూన్‌లో ‘ది నేషన్’ పత్రికలో హ్యూస్ ఒక వ్యాసం రాశాడు. ఒక యువ నల్లజాతి కవి నేను కవిని కావాలనుకుంటున్నాను గాని నీగ్రో కవిని కాదు అన్నాడని, దాని వెనుక తెల్లవాడిని కావాలన్న కోరిక ఉందని ఆ వ్యాసం మొదలవుతుంది. చివరికి వచ్చేసరికి ఆయన చెప్పింది, నా మాటల్లో, ఇది: మా రాతలు తెల్లవారికి నచ్చితే సంతోషం, నచ్చకపోతే ఫరవాలేదు, నల్లవారికి నచ్చితే సంతోషం, నచ్చకపోతే వారి అయిష్టమూ మమ్మల్ని ఆపదు. ఈ రెండో సగం చాలామంది మరిచిపోతారు. అది ఊరికే అన్న మాట కాదు. 1927లో ఆయన రెండో సంపుటి వచ్చినప్పుడు నల్లజాతి పత్రికలే మండిపడ్డాయి. మన పేదరికాన్ని, మన తాగుబోతులను, మన వీధి స్త్రీలను తెల్లవారి ముందు ఎందుకు పరుస్తావు అని నిలదీశాయి. గౌరవం కోసం ఆరాటపడే ఏ జాతిలోనైనా ఈ కోపం పుడుతుంది, అర్థం చేసుకోదగినదే. హ్యూస్ మాత్రం తన వంటవారిని, చాకలి స్త్రీలను, లిఫ్టు నడిపేవారిని వదలలేదు. 1951లో, వాయిదా పడిన కల ఏమవుతుంది, ఎండలో ద్రాక్షలా ఎండిపోతుందా, లేక పేలిపోతుందా అని అడిగిన చిన్న కవిత హార్లెం గురించి రాసిందే.

ఆయన గొంతు సముద్రం దాటింది. పారిస్‌లో చదువుకుంటున్న కరీబియన్ దీవి మార్టినీక్ యువకుడు ఎమే సెజేర్, సెనెగల్ యువకుడు లియొపోల్డ్ సెంఘోర్ వంటివారు నల్లజాతి అస్తిత్వాన్ని గర్వంగా చాటే ‘నెగ్రిట్యూడ్’ అనే ఉద్యమానికి బీజం వేసినప్పుడు వారు చదివిన వారిలో హ్యూస్, మెకే ఉన్నారు. సెంఘోర్ 1960లో స్వతంత్ర సెనెగల్‌కు తొలి అధ్యక్షుడయ్యాడు. ఆ కథ వేరే సభకు సరిపోయేంత పెద్దది, అందుకని దాన్ని ఇక్కడే వదిలి షికాగోకు వెళతాను.

గ్వెండొలిన్ బ్రూక్స్ 1917లో పుట్టింది, షికాగో దక్షిణ భాగంలో పెరిగింది. చిన్నతనంలోనే ఆమె రాతలు చూసి, నువ్వు ఆడ డన్‌బార్‌వి అవుతావు అన్నది తల్లి. ఆ తల్లే కూతురిని చర్చికి వచ్చిన హ్యూస్ దగ్గరకు తీసుకువెళ్లి కవితలు చూపించింది. హ్యూస్ అక్కడికక్కడే చదివి, రాస్తూనే ఉండమన్నాడు. చూశారా, తీర్పరి స్థానంలో ఎవరు కూర్చున్నారో! ఒక నల్ల తల్లి, ఒక నల్ల కవి.

1945లో ఆమె తొలి పుస్తకం వచ్చింది. ఒకే గదిలో వంట, పడక, వరండాలో అందరికీ కలిపి ఒకే స్నానాల గది, అలాంటి ఇరుకు ఇళ్ల జీవితం అందులో ఉంది. ఉల్లిపాయల ఘాటు, వేయించిన బంగాళాదుంపల వాసనల మధ్య ఒక కల బతకగలదా అని ఒక కవితలో అడుగుతుంది; జవాబు ఆలోచించే లోపు స్నానాల గది ఖాళీ అయిందని తెలిసి, గోరువెచ్చని నీళ్లయినా దొరుకుతాయేమోనని పరుగెత్తుతారు. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ తన పుట్టని పిల్లలతో మాట్లాడే కవిత కూడా ఆ పుస్తకంలో ఉంది. ప్రచురణకర్తలు రాతప్రతిని ప్రసిద్ధ నవలా రచయిత రిచర్డ్ రైట్‌కు చూపించారు. ఆయన ఎంతో మెచ్చుకొని, ఆ ఒక్క కవిత విషయంలో మాత్రం సందేహపడ్డాడు. బ్రూక్స్ వినలేదు, ఆ కవితను ఉంచింది. ఈ రోజు ఆ పుస్తకంలో అందరూ మొదట వెతికే కవితల్లో అది ఒకటి.

1950లో పులిట్జర్ బహుమతి ఆమెకు వచ్చింది. ఏ రంగంలోనైనా ఆ బహుమతి పొందిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమె. ఆ కబురు అందిన రోజున బిల్లు కట్టలేక ఇంట్లో కరెంటు లేదని ఆమె తర్వాత చెప్పుకుంది.

ఆమె శిల్పం ఎంతటిదో తెలియాలంటే ‘వుయ్ రియల్ కూల్’ చూడాలి. బడి వేళలో పూల్ ఆట గదిలో ఉన్న కుర్రవాళ్లను ఆమె చూసింది. బడికి ఎందుకు పోలేదు అని అడగక, వీళ్లు తమ గురించి తాము ఏమనుకుంటున్నారు అని ఆలోచించింది. కవిత మొత్తం 24 మాటలు, అన్నీ ఒక్క అక్షరపు ఉచ్చారణ గలవే. ‘మేము’ అన్న మాటను ప్రతి పాదం మొదట పెట్టవలసింది, పాదం చివరకు జరిపింది. బడి మానేశాం, మేము, రాత్రి దాకా తిరుగుతాం, మేము, ఇలా నడుస్తుంది. ఆ ‘మేము’ను మెల్లగా పలకాలని ఆమె చెప్పేది, ఎందుకంటే ఆ పిల్లలకు తమ ఉనికి మీద తమకే నమ్మకం లేదు. చివరి పాదంలో, త్వరగా చచ్చిపోతాం అన్న మాట తర్వాత, ఆ ‘మేము’ రాదు. మనుషులు కవితలోంచి మాయమవుతారు. నీతి బోధ ఒక్క అక్షరం లేదు. ఆ ఖాళీ చోటు చాలు.

1967లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయంలో జరిగిన నల్లజాతి రచయితల సభకు బ్రూక్స్ వెళ్లింది. అప్పటికి దాదాపు యాభై ఏళ్ల వయసు, అన్ని గౌరవాలూ అందుకున్న కవయిత్రి. అక్కడ యువ కవులు నల్లవారి కోసం, నల్లవారి ఎదుట, నల్లవారి పత్రికల్లో రాస్తామని నిలబడడం చూసి ఆమె మారిపోయింది. ఇంత సాధించిన మనిషి ఆ వయసులో చిన్నవాళ్ల దగ్గర నేర్చుకోవడానికి సిద్ధపడడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. షికాగోకు తిరిగివచ్చి వీధి ముఠా కుర్రవాళ్లతో కవితా శిక్షణ తరగతులు నడిపింది. తన కొత్త పుస్తకాలను న్యూయార్క్‌లోని పెద్ద ప్రచురణ సంస్థకు ఇవ్వక, డెట్రాయిట్‌లో డడ్లీ రాండల్ అనే గ్రంథాలయాధికారి, ఆయనా కవే, నడుపుతున్న ‘బ్రాడ్‌సైడ్ ప్రెస్’ అనే చిన్న నల్లజాతి ప్రచురణ సంస్థకు ఇచ్చింది. 1969లో ‘రయట్’ అనే కవితా పుస్తకం అక్కడే వచ్చింది, 1972లో ఆత్మకథ కూడా అక్కడే వచ్చింది. డబ్బు తక్కువ, ప్రచారం తక్కువ, దేశంలోని పెద్ద పత్రికలు సమీక్షించడం తగ్గింది. తెలిసే చేసింది.

1968 నుంచి 2000లో మరణించే వరకు ఇల్లినాయ్ రాష్ట్ర ఆస్థాన కవయిత్రిగా ఉన్నది. ఆ పదవిని ఆమె బడుల చుట్టూ, కారాగారాల చుట్టూ, ఆసుపత్రుల చుట్టూ తిరగడానికి వాడుకుంది. బడి పిల్లలకు కవితల పోటీలు పెట్టి, బహుమతుల సొమ్ము తన జేబులోంచి ఇచ్చేది. ఆ కవితలను ఆమె స్వయంగా చదివేది. ఇప్పుడు తీర్పరి కుర్చీలో ఆమె కూర్చున్నది, ఎదుట ఏ ధ్రువపత్రమూ లేని పిల్లలు ఉన్నారు.

సమయం అయిందని అధ్యక్షులు సూచిస్తున్నారు. మీ ప్రశ్నలకు సిద్ధంగా ఉన్నాను; ముఖ్యంగా వీట్లీ గురించి నా అభిప్రాయంతో విభేదించేవారు ముందుగా అడగండి.